తపాలా బిళ్ల చరిత్ర చెప్పదు

‘తపాలా బిళ్లలు సేకరిస్తే చరిత్ర తెలుస్తుంది.’ బడిలో ‘నా అభిరుచి’ అని వ్యాసం రాయమంటే సగం మంది పిల్లలు మొదటి వాక్యంగా రాసేది ఇదే. స్టాంపుల ప్రదర్శన ప్రారంభించడానికి వచ్చిన పెద్దలు మైకు ముందు చెప్పేదీ ఇదే. నేను ముప్పై ఏళ్లకు పైగా అమెరికా స్టాంపులు పోగేస్తున్నాను. ఆ దేశానికి తొలినాళ్లలో ఓడలెక్కి వెళ్లి స్థిరపడిన ఇంగ్లీషువాళ్ల జ్ఞాపకార్థం వేసినవంటే నాకు మరీ ఇష్టం. ఆ ఇష్టం ఉన్నవాడిగానే చెబుతున్నాను, ఆ మాట తప్పు. కాస్త అటూఇటూ సర్దితే ఒప్పయ్యే తప్పు కాదు, మొదలుకే తప్పు.

కిందటేడు ఓ బడిలో స్టాంపుల పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మన్నారు. ఏడో తరగతి పిల్లవాడొకడు ఎంతో శ్రద్ధగా పేజీ తయారుచేశాడు. స్టాంపుల పళ్లు ఒక్కటీ చిరగలేదు. స్టాంపును పేజీకి పట్టించే హింజులు వంకర లేకుండా అతికించి, చుట్టూ స్కేలుతో గీతలు కొట్టాడు. 1920లో అమెరికా వేసిన ఒక సెంటు ఆకుపచ్చ మేఫ్లవర్ స్టాంపు కింద గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: ‘అమెరికాకు మొట్టమొదటి మనుషులు వచ్చిన ఓడ.’ నా పక్కనున్న న్యాయనిర్ణేత అది చదివి, తలూపి, పదికి తొమ్మిది వేశారు. ఇది నీకెవరు చెప్పారు బాబూ అని అడిగాను. ‘ఎవరూ చెప్పలేదండీ, స్టాంపు చూస్తే తెలుస్తోంది కదండీ’ అన్నాడు. వాడి తప్పేమీ లేదు. స్టాంపు చూసి చరిత్ర నేర్చుకోమన్నది మనమే. వాడు బుద్ధిగా నేర్చుకున్నాడు.

అవతలి వాదాన్ని ముందు ఉన్నదున్నట్టు చెప్పాలి. స్టాంపు సర్కారు అచ్చు వేసిన పత్రం. సందర్భం చూసి, ఆధారాలు చూసి వేస్తారు. దాని మీద పేరు, ఏడాది, బొమ్మ ఉంటాయి. పది పేజీలు చదివినా గుర్తుండనిది అంగుళం బొమ్మ చూస్తే మనసులో నిలిచిపోతుంది. ఆల్బంలో వరసగా పెట్టుకుంటే 1587లో రోనోక్, 1607లో జేమ్స్‌టౌన్, 1620లో ప్లిమత్, 1630లో మసాచుసెట్స్ బే, 1634లో మేరీలాండ్, 1733లో జార్జియా, ఇలా ఒక దేశం పుట్టుక కళ్ల ముందు నడిచిపోతుంది. అక్కడక్కడా పొరపాటు ఉంటే ఉండొచ్చు గాక, చదవాలన్న ఆసక్తి పుడుతుంది, అది చాలు. ఇదీ వాదం. దీన్ని నమ్మేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. నా గురువులాంటి సేకర్తలు కూడా ఇదే నమ్మారు. అయినా ఒక్కో ముక్కా విడదీసి చూస్తే ఏదీ నిలబడదు.

1. సర్కారు వేసింది కాబట్టి నిజమనడం

1907 ఏప్రిల్‌లో, జేమ్స్‌టౌన్ వలసకు మూడు వందల ఏళ్లు నిండాయని వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. దానికోసం మూడు స్టాంపులు వచ్చాయి. ఒక సెంటు ఆకుపచ్చ బిళ్ల మీద కెప్టెన్ జాన్ స్మిత్, రెండు సెంట్ల ఎర్ర బిళ్ల మీద జేమ్స్‌టౌన్ స్థాపన, అయిదు సెంట్ల నీలం బిళ్ల మీద పొకహాంటాస్. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి ఏమర్థమవుతుంది? జేమ్స్‌టౌన్‌ను స్థాపించింది జాన్ స్మిత్ అని. అంతే కదా.

అసలు సంగతి ఇది. ఆ ఊరు లండన్‌లోని వర్జీనియా కంపెనీ అనే వ్యాపార సంస్థ పెట్టుబడి. 1607 మేలో సూసన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీ అనే మూడు ఓడల్లో వచ్చిన నూటనాలుగు మంది మగవాళ్లు, కుర్రాళ్లు అక్కడ దిగారు. తిరుగుబాటుకు కుట్ర పన్నాడన్న నేరం మీద స్మిత్ ఆ ప్రయాణంలో చాలా భాగం నిర్బంధంలో ఉన్నాడు. వలసకు మొదటి అధ్యక్షుడు ఎడ్వర్డ్ మరియా వింగ్‌ఫీల్డ్. స్మిత్‌కు ఆ పదవి 1608 సెప్టెంబరులో గానీ రాలేదు. ఏడాది తర్వాత తుపాకిమందు అంటుకుని ఒళ్లు కాలి, 1609 అక్టోబరులో ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లాడు. మళ్లీ వర్జీనియాలో అడుగుపెట్టలేదు. అతను వెళ్లిన ఆ చలికాలంలోనే వలస ఆకలితో మాడిపోయింది. వందల మందిలో అరవై మంది దాకా మిగిలారు. అప్పుడు చనిపోయిన పద్నాలుగేళ్ల పిల్ల ఎముకలు 2012లో తవ్వకాల్లో దొరికితే, వాటి మీద కత్తిగాట్లు కనిపించాయి. బతికున్నవాళ్లు ఆ పిల్ల మాంసం తిన్నారు.

అంగుళం కాగితం మీద ఇదంతా పట్టిస్తారా అని అడగొచ్చు. పట్టించలేరు. నేననేదీ అదే. పట్టించలేనిదాన్ని పట్టుకుని పాఠం అనకండి.

మరి వింగ్‌ఫీల్డ్‌కు దక్కని బిళ్ల స్మిత్‌కు ఎందుకు దక్కింది? స్మిత్ పుస్తకాలు రాశాడు. పౌహతాన్ రాజు తనను చంపబోతే రాజు కూతురు పొకహాంటాస్ అడ్డుపడి కాపాడిందన్న కథను వివరంగా అచ్చువేసింది 1624లో. అది జరిగిందని చెప్పిన నాటికి పదిహేడేళ్ల తర్వాత. అప్పటికి పొకహాంటాస్ లేదు, పౌహతాన్ లేడు. కాదనడానికి ఎవరూ మిగలని కథ అది. ఒక సెంటు బిళ్లను భూతద్దం కింద పెట్టి చూడండి, పై మూలల్లో చిన్న చిన్న వలయాల్లో పొకహాంటాస్, పౌహతాన్ ముఖాలు కనిపిస్తాయి. నడుమ స్మిత్. ఒక మనిషి తన గురించి తాను చెప్పుకున్న కథకు మూడు వందల ఏళ్ల తర్వాత సర్కారు వేసిన బొమ్మ అది.

1930లో వేసిన మసాచుసెట్స్ బే బిళ్ల ఇంతకన్నా గట్టి ఉదాహరణ. దాని మీద ఉన్నది ఆ వలస అధికార ముద్ర. విల్లంబులు పట్టుకున్న స్థానికుడొకడు నిలబడి ఉంటాడు. 1629 నాటి ఆ ముద్రలో అతని నోటి నుంచి వచ్చినట్టుగా ఒక మాట చెక్కారు: మా దగ్గరకు వచ్చి మాకు సాయం చేయండి అని. బైబిల్‌లోని మాటను తెచ్చి అతని నోట్లో పెట్టారు. అది ఆ తీరంలోని మనిషి పలికిన మాట కాదు. సర్కారు ముద్ర ఉన్నది నిజమనేవాళ్లు ఇక్కడ ఏ ముద్రను నమ్ముతారు?

2. బొమ్మ కళ్లకు కడుతుందనడం

ఎవరు చూసి గీశారని అడిగితే ఈ వాదం కూలిపోతుంది.

1620లో ప్లిమత్ యాత్రికులు వచ్చిన మేఫ్లవర్ ఓడ ఎలా ఉండేదో తెలిపే ఆనాటి బొమ్మ ఒక్కటీ లేదు. తెరచాపలు ఎన్నో, ఒళ్లు ఎంతో, అన్నీ తర్వాతివాళ్లు అదే కాలపు వేరే ఓడలను చూసి ఊహించినవే. 1920 నాటి ఒక సెంటు బిళ్ల మీది ఓడ ఊహ. 2020లో నాలుగు వందల ఏళ్ల సందర్భంగా వేసిన బిళ్ల మీది ఓడా ఊహే. 1920 సెట్‌లోనే అయిదు సెంట్ల నీలం బిళ్ల మీద యాత్రికులు ఓడలో ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నారు. అది ఎడ్విన్ వైట్ అనే పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడి ఊహ. నలభై ఒక్క మంది మగవాళ్లు సంతకాలు పెట్టిన ఆ అసలు కాగితం ఎప్పుడో పోయింది.

ఇక అదే సెట్‌లోని రెండు సెంట్ల ఎర్ర బిళ్ల, యాత్రికులు బండల ఒడ్డున దిగుతున్న దృశ్యం. వాళ్లు మొదట కాలు పెట్టారని చెప్పే ప్లిమత్ రాయి కథ మనలో చాలామందికి తెలుసు. 1620లో వచ్చినవాళ్లు రాసుకున్న వివరాల్లో ఆ రాయి ఊసే లేదు. దిగిన నూట ఇరవై ఏళ్ల తర్వాత, 1741లో, తొంభై దాటిన ఓ పెద్దాయన ఫలానా రాయి మీదే మా పెద్దలు కాలు పెట్టారని చూపించాడు. అప్పటినుంచి అది పూజలందుకుంటోంది. పైగా వాళ్లు మొదట దిగింది ప్లిమత్‌లో కాదు, కేప్ కాడ్ కొసన, ఇవాళ ప్రావిన్స్‌టౌన్ ఉన్న చోట.

వర్జీనియా డేర్ సంగతి ఇంకా చిత్రం. 1937 ఆగస్టు 18న, ఆ పాప పుట్టి మూడు వందల యాభై ఏళ్లయిందని అయిదు సెంట్ల లేత నీలం బిళ్ల వేశారు. తల్లి ఒళ్లో పసిపాప, పక్కన తండ్రి. ఆ తల్లి ముఖం ఎవరికీ తెలియదు. తండ్రి ముఖం తెలియదు. ఆ పాప గురించి లోకానికి తెలిసింది తొమ్మిది రోజులు. 1587 ఆగస్టు 18న రోనోక్ దీవిలో పుట్టింది. తాతగారు జాన్ వైట్ సామాన్లు తేవడానికి 27న ఇంగ్లండ్‌కు బయల్దేరాడు. 1590లో తిరిగొచ్చేసరికి ఊళ్లో ఒక్క మనిషి లేడు. కొయ్య మీద ‘క్రొయటోవన్’ అన్న ఒక్క మాట చెక్కి ఉంది. ఆ తొమ్మిది రోజుల పాపకు ముఖం కల్పించి అచ్చువేశారు.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఆ తాత జాన్ వైట్ చిత్రకారుడు. 1585లో అదే తీరానికి వెళ్లి, అక్కడి మనుషుల్ని, వాళ్ల ఊళ్లను, చేపల వేటను, వంటను కళ్లారా చూసి రంగుల్లో వేశాడు. ఆ బొమ్మలు బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. సెకోటన్ ఊళ్లో మొక్కజొన్న చేలు మూడు దశల్లో ఎలా ఉన్నాయో కూడా అందులో కనిపిస్తుంది. కళ్లతో చూసి గీసిన సాక్ష్యం ఆ కుటుంబంలోనే ఉంది. అయినా 1937 నాటి బిళ్ల కోసం ముఖం ఎవరికీ తెలియని పాపను గీయించారు. ఉన్న సాక్ష్యాన్ని పక్కనపెట్టి లేని ముఖాన్ని ఎంచుకున్న కాగితాన్ని చరిత్ర అని పిల్లలకు చూపిద్దామా?

3. పొకహాంటాస్ ముఖం నిజమైనదే కదా అనడం

నిజమే. ఈ వరసలో బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసిన బొమ్మ ఆధారంగా వచ్చిన బిళ్లల్లో ఇదొకటి. అవతలి పక్షానికి దీనికి మించిన బలమైన సాక్షి లేదు. కాబట్టి దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి.

నా దగ్గరున్నది ముద్ర పడని బిళ్ల. సెంటరింగ్ బాగాలేదు, బొమ్మ కుడివైపుకు జరిగి ఉంది. ఈ సెట్‌లో చాలావాటికి అదే తంటా. పట్టకారుతో పట్టుకుని దీపం కింద పెడితే మొదట కనిపించేది ముఖం కాదు, టోపీ. ఇంగ్లీషు మగవాళ్లు పెట్టుకునేలాంటి ఎత్తు టోపీ. దాని కింద మెడ చుట్టూ గట్టిగా నిలబడిన లేసు పట్టీ. ఆ రెంటి నడుమ ఇరుక్కున్న ముఖం. కళ్లు సూటిగా చూస్తుంటాయి. నవ్వు లేదు.

ఆ బొమ్మకు మూలం 1616లో లండన్‌లో సైమన్ వాన్ డి పాస్ అనే చెక్కుడు చిత్రకారుడు వేసింది. దాని అంచున ఆమె అసలు పేరు మటోకా అని, క్రైస్తవ పేరు రెబెకా అని ఉంది, వయసు ఇరవై ఒకటి అని ఉంది. 1907 బిళ్ల మీద ఆ రెండు పేర్లూ పోయి, ముద్దుపేరు మిగిలింది. ఆ బొమ్మ ఎందుకు వేశారు? 1613లో శామ్యూల్ ఆర్గాల్ అనే కెప్టెన్ ఆమెను ఓడ మీదికి మభ్యపెట్టి రప్పించి బంధించాడు. బందీగా ఉండగానే మతం మార్చారు. 1614 ఏప్రిల్‌లో పొగాకు సాగుదారు జాన్ రాల్ఫ్‌తో పెళ్లి జరిగింది. 1616లో కంపెనీ ఖర్చు పెట్టి ఆమెను లండన్ తీసుకెళ్లింది, మా వలస ఎంత బాగా నడుస్తోందో చూడండని పెట్టుబడిదారులకు చూపించడానికి. ఆ ప్రచారంలో భాగమే ఆ టోపీ, ఆ లేసు, ఆ బొమ్మ. 1617 మార్చిలో తిరుగు ప్రయాణం మొదలవుతూనే గ్రేవ్‌సెండ్ దగ్గర చనిపోయింది.

నిజమైన ముఖమే. కానీ అది 1616 నాటి కంపెనీ ప్రకటన. దాన్ని 1907 నాటి ప్రభుత్వం రెండోసారి ప్రకటనగా వాడుకుంది. ఆ 1907 ఎలాంటి ఏడాదో చూడండి. వర్జీనియా రాష్ట్రం అప్పటికి అయిదేళ్ల కిందటే కొత్త రాజ్యాంగం రాసుకుని, ఓటు వేయాలంటే పన్ను కట్టాలని పెట్టి, నల్లవాళ్ల ఓటు ఊడబెరికింది. ఎగ్జిబిషన్‌లో వాళ్లకు వేరే భవనం కట్టారు. 1924లో అదే రాష్ట్రం జాతుల స్వచ్ఛత పేరుతో చట్టం చేసింది. ప్రతి మనిషినీ తెల్లవాడా, రంగువాడా అని రెండే ఖానాల్లో రాయమంది. అయితే పొకహాంటాస్ వంశంలో పుట్టామని గొప్పగా చెప్పుకునే పెద్దింటి తెల్లవాళ్లకు ఇబ్బంది రాకుండా, పదహారో వంతు దాకా ఆదివాసీ నెత్తురున్నా తెల్లవాళ్లే అని ప్రత్యేకంగా వెసులుబాటు ఇచ్చింది. ఆమె బొమ్మ వాళ్లకు గర్వకారణం. ఆమె జనం మాత్రం రిజిస్టర్లలో ‘రంగువాళ్లు’గా మారి, కాగితం మీద లేకుండా పోయారు. పౌహతాన్ ఏలుబడిలో ముఖ్యమైన తెగ పమంకీలు. ఆ తెగ ఒకటి ఉందని అమెరికా కేంద్ర ప్రభుత్వం గుర్తిస్తూ నిర్ణయం తీసుకున్నది 2015లో. వర్జీనియాలోని మరో ఆరు తెగలకు 2018లో గానీ ఆ గుర్తింపు రాలేదు. ఆమె ముఖాన్ని లకోటాల మీద అతికించి ఊరూరా పంపిన ప్రభుత్వానికి, ఆమె జనం ఉన్నారని ఒప్పుకోవడానికి మరో నూట ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ సంగతుల్లో ఒక్కటైనా ఆ నీలం బిళ్ల చూసి తెలుసుకోగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను ఆ బిళ్ల కొన్న పన్నెండేళ్ల తర్వాత, పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. ఆ పన్నెండేళ్లూ ఆమె స్మిత్‌ను కాపాడిన ప్రియురాలనే నమ్మాను. బిళ్ల నాకు నేర్పింది అదే.

4. ఏళ్ల వరసలో దేశం కథ కనిపిస్తుందనడం

నేనూ పాతికేళ్లు అలాగే పెట్టాను, 1587 ముందు, 1607 తర్వాత, 1620 ఆ తర్వాత. మూడేళ్ల కిందట ఆల్బమంతా విప్పి, బిళ్ల మీదున్న ఏడాదిని వదిలేసి, బిళ్ల వేసిన ఏడాది ప్రకారం మళ్లీ పేర్చాను. అప్పుడు గానీ వాటికి నోరు రాలేదు.

1920 డిసెంబరు 21న మేఫ్లవర్ సెట్ వచ్చింది. ఆ మూడింటి మీదా దేశం పేరు లేదన్నది మన సేకర్తలందరం సరదాగా చెప్పుకునే ముచ్చట. ఆ ముచ్చట దగ్గరే ఆగిపోతాం. వలస వచ్చినవాళ్లను అంతగా కీర్తించిన ఆ దేశం, అయిదు నెలలు తిరక్కుండా, 1921 మేలో, వలసలకు దేశాలవారీ కోటాలు పెట్టింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు చట్టం చెప్పే తెల్లవాళ్లలోకి రారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1946 దాకా ఆ తలుపు మూసే ఉంది. ఇవాళ న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఇల్లు కొనుక్కుని, పిల్లలకు థ్యాంక్స్‌గివింగ్ పండగ కథ చెబుతూ ఈ బిళ్లలు చూపించే మన తెలుగువాళ్లకు ఈ లెక్క తెలియాలి. ఆ మూడు బిళ్లల్లో 1620 గురించి ఉన్నదానికన్నా 1920 గురించి ఉన్నదే ఎక్కువ. ఎవరి వలస పండగ, ఎవరి వలస నేరం అన్నది అందులో ఉంది.

1970 నవంబరు 21న ప్లిమత్‌లో ఆరు సెంట్ల బిళ్ల విడుదలైంది, మూడు వందల యాభై ఏళ్ల పండగకు. ఆ పండగ విందులో మాట్లాడమని ఆ తీరంలోని వాంపనోగ్ తెగకు చెందిన వామ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచారు. ప్రసంగం ముందుగా చూపించమన్నారు. చూసి, ఇది కుదరదన్నారు. బిళ్ల విడుదలైన అయిదో రోజున, థ్యాంక్స్‌గివింగ్ నాడు, ఆయన తనవాళ్లతో కలిసి ప్లిమత్‌లోని కోల్స్ గుట్ట మీద నిలబడి, ఇది మాకు సంతాప దినం అని ప్రకటించాడు. అప్పటినుంచి ఏటా అక్కడ ఆ సంతాపం జరుగుతూనే ఉంది. ఆ బిళ్ల విడుదల రోజు ముద్ర పడిన ఫస్ట్ డే కవర్ నా దగ్గర ఉంది. ముద్ర శుభ్రంగా, నల్లగా, తేదీతో సహా పడింది. ఆ తేదీ పక్కన ఈ సంగతి రాసుకోకపోతే ఆ కవర్‌లో సగం లేనట్టే.

వేసిన వరసలో పేర్చాక నేను అనుకోనిది ఇంకొకటి కనిపించింది. 1907లో పేర్లున్నాయి, ముఖాలున్నాయి. 1920లో మనుషులు దిగుతున్నారు, సంతకాలు పెడుతున్నారు. 1937లో తల్లీ తండ్రీ పాప. 1984లో రోనోక్ ప్రయాణాల బిళ్లకు వచ్చేసరికి ఓడ. 2007లో జేమ్స్‌టౌన్ నాలుగు వందల ఏళ్ల త్రికోణపు బిళ్ల మీద మూడు ఓడలు. 2020లో ప్లిమత్ రేవులో మేఫ్లవర్, మళ్లీ ఓడ. దిగినవాళ్లూ, ఒడ్డున ఉన్నవాళ్లూ పక్కకు జరిగిపోయి ఓడలు మిగిలాయి. 2007 నాటి నిర్వాహకులు ఉత్సవం అనే మాట కూడా మానుకుని స్మరణ అన్నారు. ఎవరు వచ్చారో చూపిస్తే ఎవరిమీదికి వచ్చారో చూపించాల్సి వస్తుందని సర్కారుకు ఈ వందేళ్లలో తెలిసొచ్చింది. అందుకే ఎవరూ అభ్యంతరపెట్టని చెక్కా తెరచాపా ఎంచుకుంది. ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఆ బిళ్లల్ని అదే వరసలో పెట్టి చూసి, వేరే కారణం చెప్పండి.

5. ఆసక్తి పుడితే చాలనడం

ఆసక్తి పుడితే సరిపోదు, అది ఎటు నడుస్తుందో చూడాలి. బొమ్మతో బలపడిన తప్పు అంత తేలిగ్గా వదలదు. ఆ ఏడో తరగతి పిల్లవాడు రాసిన ‘మొట్టమొదటి మనుషులు’ అన్న మాటలో ఎంతమంది పోయారో లెక్కేయండి.

మేఫ్లవర్ లంగరు వేసిన ఆ ప్లిమత్ పటక్సెట్ అనే ఊరు. 1616 నుంచి 1619 దాకా ఆ తీరంలో పాకిన అంటురోగంలో ఊరు ఊరంతా పోయింది. యాత్రికులు ఇళ్లు కట్టుకున్నది వాళ్లు చదును చేసి వదిలిన పొలాల మీద. ఆ ఊరివాడు టిస్క్వాంటమ్‌ను 1614లో థామస్ హంట్ అనే కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మాడు. ఆ హంట్ ఎవరనుకున్నారు? ఒక సెంటు బిళ్ల మీదున్న జాన్ స్మిత్ నడిపిన ప్రయాణంలో రెండో ఓడ కెప్టెన్. టిస్క్వాంటమ్ ఎలాగో ఇంగ్లండ్ చేరి, 1619లో ఇంటికొచ్చేసరికి తనవాళ్లంటూ ఎవరూ లేరు. నూట రెండు మంది ప్రయాణికుల్లో సగం మంది మొదటి చలికాలంలోనే పోతే, మిగిలినవాళ్లకు మొక్కజొన్న నాటడం నేర్పింది అతనే. వాళ్లతో ఒప్పందం చేసుకుని అండగా నిలిచిన వాంపనోగ్ నాయకుడు ఊసామెక్విన్ కొడుకు మెటకామ్ తలను 1676లో నరికి, అదే ప్లిమత్‌లో గుంజకు గుచ్చి ఏళ్ల తరబడి ఉంచారు.

వీళ్లెవరూ పిల్లవాడి పేజీలో లేరు. లేకపోగా, వీళ్లకు చోటే లేదని ఆ వాక్యం తేల్చేసింది. దానికి మనం పదికి తొమ్మిది వేశాం.

6. అయితే పారేయమంటారా అనేవాళ్లకు

పారేయమని అనేవాళ్లూ ఉన్నారు. ఈ బిళ్లలు దోపిడీని కీర్తిస్తాయి, ఇంట్లో ఉంచుకోవడమే తప్పు అంటారు. వాళ్లతోనూ నేను ఏకీభవించను. సాక్ష్యం నచ్చలేదని సాక్ష్యాన్ని కాల్చుకునేవాడు ఎవరికి మేలు చేస్తున్నట్టు? 1907 నాటి వర్జీనియా తన గురించి ఏం చెప్పుకోవాలనుకుందో ఆ నీలం బిళ్లంత స్పష్టంగా చెప్పేది నాకు ఇంకొకటి దొరకలేదు. ఉంచుకోవాలి, కొనాలి, వెతకాలి. చదవడం మాత్రం మార్చాలి.

‘మనకెందుకు ఆ అమెరికా గొడవ’ అనేవాళ్లకు ఒక్క మనిషి పేరు చెబుతాను. సర్ థామస్ డేల్. 1611లో జేమ్స్‌టౌన్ చేరి, కంపెనీ గోదాములోంచి తిండి దొంగిలిస్తే మరణశిక్ష అనే సైనిక చట్టాన్ని అమలు చేసినవాడు. పొకహాంటాస్ పెళ్లి జరిగింది అతని పాలనలో. 1616లో ఆమెను ఓడెక్కించి లండన్ తీసుకెళ్లింది అతనే. తర్వాత ఈస్టిండియా కంపెనీ అతన్ని ఓడల దండుకు అధిపతిని చేసి తూర్పుకు పంపింది. జావా దగ్గర డచ్చివాళ్లతో పోరాడి, కోరమాండల్ తీరానికి వచ్చి, 1619 ఆగస్టులో మన మచిలీపట్నంలో చనిపోయాడు. అదే ఆగస్టులో వర్జీనియాలో పాయింట్ కంఫర్ట్ దగ్గర ఇరవై మందికి పైగా ఆఫ్రికా మనుషుల్ని ఓడలోంచి దించి తిండి సామాన్లకు మార్చుకున్నారు. ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరైన సర్ థామస్ స్మైత్ వర్జీనియా కంపెనీకి కోశాధికారి. జేమ్స్‌టౌన్‌కు ఓడలు పంపిన ఆ లండన్ వర్తకులే 1611లో నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకూ పంపారు. ఆ కథ మన ఊరి కథ కూడా. అది నా ఆల్బంలో ఏ బిళ్ల మీదా లేదు.

నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. ప్రతి బిళ్ల కింద రెండు ఏడాదులు రాస్తాను, జరిగినది ఒకటి, వేసినది ఒకటి. వేసిన ఏడాదిని పెద్ద అక్షరాల్లో రాస్తాను. ఆ బొమ్మ ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి గీశారో రాస్తాను. ఊహైతే ఊహ అనే రాస్తాను. ఆ నేల ఎవరిదో, వాళ్లు తమ ఊరిని ఏమని పిలుచుకున్నారో రాస్తాను. 1907 పేజీలో మూడు బిళ్లల పక్కన నాలుగో గడి గీసి ఖాళీగా వదిలాను. దాని కింద ‘1619 ఆగస్టు, మచిలీపట్నం’ అని ఉంటుంది.

బడుల్లో పోటీలు పెట్టేవాళ్లను అడుగుతున్నాను. బిళ్ల కింద ఈ రెండు ఏళ్లూ, బొమ్మ మూలమూ రాయని పేజీకి బహుమతి ఇవ్వకండి. ఏడో తరగతి పిల్లలకు ఇది బరువవుతుందని నాతో అనొద్దు. ఆ పిల్లవాడికి నేను పోటీ అయ్యాక పావుగంట కూర్చుని చెప్పాను. పటక్సెట్ అన్న మాటను రెండుసార్లు పలికించుకుని, తన వాక్యం కొట్టేసి, తనే తిరగరాశాడు. బరువు పిల్లలకు కాదు, పది నిమిషాల్లో మార్కులు వేసి లేచిపోవాలనుకునే మనకు. ఈ నియమం లేని పోటీకి న్యాయనిర్ణేతగా నన్ను పిలవద్దని ఈ ఏడాది రెండు బడులకు చెప్పాను. మూడో బడి అడిగినా అదే చెబుతాను.